ఎడమ కాలి బూటు

పదిహేడేళ్ల పిల్ల మోకాలు ఇసుకలో పోలేదు పెద్దమనుషులారా, మీ నియమం నమిలేసింది. పది రోజులు మైదానానికి రాకపోతే హాస్టల్లో మంచం ఇంకొకరిదని రాసింది మీరే.

ఐసు పిన్నికి ఆ నియమం కంఠతా వచ్చు. పంతొమ్మిదేళ్లుగా ఆ క్రీడా హాస్టల్లో ఐసు కొట్టడం, కాళ్లకు పట్టీలు వేయడం ఆవిడ పని. వేళ్ల కొసలు ఎప్పుడూ నానిపోయి, తెల్లగా ముడతలు పడి ఉంటాయి. ఆ ఉదయం కూడా గోనెసంచిలో గడ్డ వేసి సుత్తితో మోదుతూ మెట్ల వైపు చూసింది. లాంగ్‌జంప్ పిల్ల వెనక్కి తిరిగి, కమ్మీ పట్టుకుని, ఎడమ కాలి మీద బరువు మోపకుండా ఒక్కో మెట్టే దిగుతోంది. అందరూ ఆ పిల్లను మిడత అంటారు. మెట్ల మీద మాత్రం పీత అని తోటివాళ్లు ఏడిపిస్తారు. అలా దిగడం నేర్పింది పిన్నే. కోచ్ కంట పడకుండా దిగమన్నదీ పిన్నే.

ఎనిమిది నెలలుగా ఇదే తంతు. మోకాలి చిప్ప కింద నరం దెబ్బతింది, రెండు నెలలు గెంతులు మానిపించి తొడకు బలం వచ్చే కసరత్తులు చేయించండి, మెల్లగా సర్దుకుంటుంది అని డాక్టరు చెప్పాడు. పిన్ని ఆ మాట కోచ్ చెవిన వేసింది. మోకాలన్నాక నొప్పి పుడుతుంది, ఐసు పెట్టడం నీ పని, ఆలోచించడం నా పని అన్నాడాయన. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. అప్పట్నుంచి నొప్పుల పుస్తకంలో మిడత పేరు పక్కన రోజూ 'బాగుంది' అని పిన్నే రాస్తోంది. పిల్ల బతిమాలింది మరి. మంచం పోతే కాలేజీ సీటూ పోతుంది.

ఆరోజు ఎంపిక పోటీ. మిడత వచ్చి కాలు చాపింది.

"ఇంకాస్త స్ప్రే కొట్టు పిన్నీ."

"మొద్దుబారితే కాలు ఎలా పడుతోందో తెలీదే, పిచ్చిమొహమా."

"తెలీకూడదనేగా."

పిన్ని కొట్టింది.

మొదటి గెంతు బాగానే పడింది. రెండోది ఇంకా దూరం. మూడోసారి గెంతు పలక మీద ఎడమ కాలు మోపగానే మోకాలు లోపలికి మడతపడింది. పిల్ల ఇసుక అంచున కూలబడి, ఆ కాలు ఇంకెవరిదో అన్నట్టు చూసుకుంది. మీరు తర్వాతి నంబరు పిలిచారు.

మధ్యాహ్నం తండ్రి వచ్చాడు. కట్టు కట్టిన కూతురి కాలు ఒళ్లో పెట్టుకుని బండిలో కూర్చున్నాడు.

"మళ్లీ గెంతుతుందా అమ్మా?"

పిన్ని వంగి కట్టు కొస లోపలికి దోపింది. నీ తప్పేం లేదులే పిన్నీ అని మిడతే సర్దిచెప్పింది. ఆ మాటే ఎక్కువ పొడిచింది. బండి గేటు దాటేదాకా ఆవిడ తడి చేతులు చీరకు తుడుచుకుంటూనే ఉంది.

పది రోజులూ నిండాయి, రేపు ఆ మంచానికి ఇంకో పిల్ల వస్తోందట. ఈలోపే ఆ నియమం చింపేయండి. డాక్టరు ఆగమంటే పిల్ల ఆగాలి, మంచమూ ఆగాలి. ఆయన సరేనన్నాకే ఇసుకలోకి దించండి. మాకేం తెలుసు అనకండి, వెళ్లి మంచం కింద చూడండి. మిడత బూట్లు అక్కడే ఉన్నాయి. కుడిదాని అడుగు అరిగి చిల్లు పడింది, ఎడమది ఇంకా కొత్తగానే ఉంది.