నాగలత కొనే వాచీ

"అంత పెట్టి కొంటున్నవు, దానితోని అన్నం ఉడుకుద్దా?" అని భీమక్క అడగడం ఆ పొద్దున అది మూడోసారి. మొదటిసారి నవ్వుతూ కోడలిని అడిగింది. రెండోసారి కొడుకు వైపు తిరిగి అడిగింది. మూడోసారికి ఒళ్లోని చింతపండు చాట పక్కన పెట్టి మరీ అడిగింది.

"ఉడకదత్తా. నువ్వు చెప్పే గొలుసుతోని ఉడుకుద్దా మరి?" అంది నాగలత.

"గొలుసైతే రేపు పిల్ల మెడల పడ్తది."

"నా మెడను మధ్యలకు తేకు నాయనమ్మా," అంది నవత ఫోన్లోంచి తలెత్తకుండా. "స్మార్ట్ వాచీ కొనుక్కోమంటున్న నేను. పావు ధరకే వస్తది. నాడి అదే చూస్తది. రోజుకు ఎన్నడుగులు నడిచినవో కూడా చెప్తది."

"ఎన్నడుగులు నడిచిన్నో పొద్దూకి నా మోకాళ్లు చెప్తయి. దానికి వాచీ ఎందుకు?"

"మరి ఆ వాచీ మాత్రం ఎందుకు?" అన్నాడు ప్రేమ్‌సాగర్, తడి తల తువ్వాలుతో తుడుచుకుంటూ. వెక్కిరింతకు కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.

నాగలత ఎప్పటిలాగే అక్కడ ఆగిపోయింది. వారం రోజులుగా ఎవరు ఎటునుంచి మొదలుపెట్టినా మాట తిరిగి తిరిగి ఆ ప్రశ్న దగ్గరికే వస్తోంది.

వాళ్ల ఇల్లు దమ్మపేటలో. ప్రేమ్‌సాగర్ సత్తుపల్లి ఓసీలో, అంటే ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో, డంపర్ నడుపుతాడు. నాగలత ములకలపల్లి వైపు అడవి అంచు గూడేల ఆరోగ్యం చూసే ఏఎన్నెం. ఇరవై నాలుగేళ్ల సర్వీసు. ఈ ఏడు అంగన్‌వాడీ టీచర్లతో కలిసి వేసిన చిట్టీ ఆమె చేతికొచ్చింది. ఇంతకు ముందు వచ్చిన చిట్టీలు స్లాబుకు ఒకటి, బోరుకు ఒకటి, నవత ఖమ్మం హాస్టలుకు ఒకటి పోయాయి. ఈసారి ఇంట్లో ఏ అవసరమూ నోరు తెరిచి లేదు. సంక్రాంతి తర్వాత ట్రైనింగుకని ఖమ్మం పోయినప్పుడు, భోజనాల వేళ ఒక షాపు అద్దం ముందు నిలబడి ఆమె ఆ వాచీలను చూసింది. ధర చీటీ మీద సున్నాలు ఎవరో పొరపాటున ఎక్కువ వేశారనుకుంది. స్కూటీ వచ్చే ధర. అనుకుని కూడా, మర్నాడు టీ తాగే వేళకు మళ్లీ పోయి అక్కడే నిలబడింది.

"చిట్టీ పైసలతోని నేనొక మంచి వాచీ కొనుక్కుంట," అని ఇంట్లో చెప్పినప్పుడు ఎవరూ వద్దనలేదు. చిక్కంతా అందులోనే వచ్చింది. అందరూ సరేనన్నారు, ఒక్కొక్కరూ ఒక్కో దానికి. అత్త గొలుసుకు, కూతురు ఫోనులాంటి వాచీకి, మొగుడు డ్యూటీకి పనికొచ్చే వాచీకి. ఆమె ఏ దానికి సరేనందో ఆమెకే తెలియదు.

ఆ ఆదివారం తొమ్మిది గంటల బస్సుకు ముగ్గురూ ఖమ్మం పోయారు. భీమక్క రానంది.

షాపులో చల్లగా ఉంది. మెత్తటి కుర్చీలు వేశారు. టై కట్టుకున్న బాలకృష్ణ అనే సేల్స్‌మన్ నీళ్లిచ్చి, ప్రేమ్‌సాగర్ ఎదుట ఒక వాచీల ట్రే పెట్టి, "సార్‌కా అండీ?" అన్నాడు.

"నాకు," అంది నాగలత.

బాలకృష్ణ తడబడలేదు. ఆ ట్రే లోపల పెట్టి ఇంకో ట్రే తెచ్చాడు. చిన్న చిన్న డయళ్లు, చుట్టూ తెల్లరాళ్లు. నాగలత ఒకటి చేతికి పెట్టుకుని, కళ్లద్దాలు సవరించుకుని, దగ్గరికి పెట్టి, దూరం పెట్టి చూసింది.

"ఇందుల టైమేదండీ?"

"ఉంటుంది మేడమ్, రాళ్ల మధ్యల."

నవత ఫక్కున నవ్వింది. మూడో ట్రే వచ్చింది. ఇందులో ఒకటి పెద్దగా, నీలం డయలుతో ఉంది. మంచి బరువు. "ఇది స్విస్ ఆటోమేటిక్ మేడమ్. బ్యాటరీ ఉండదు. మీ చెయ్యి కదిలితే అదే నడుస్తది," అన్నాడు బాలకృష్ణ.

వాచీని పరీక్షించే పద్ధతి నాగలతకు ఒక్కటే తెలుసు. నవత చెయ్యి లాక్కుని, మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి, డయలు మీద కళ్లు పెట్టింది. పావు నిమిషం కాకముందే లెక్క తప్పింది. మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి డెబ్బై రెండు వచ్చింది. ఎందుకో నమ్మకం కలగక ఇంకోసారి చూస్తే డెబ్బై తొమ్మిది.

"ఇది పాడైనట్టుందండీ," అంది.

బాలకృష్ణ గాబరాగా వంగి చూశాడు. "ఏమైంది మేడమ్?"

"సెకన్ల ముల్లు ఆగుతలేదు. ఒక్కో సెకనుకు ఆగి ఆగి పోవాలె గద. ఇది జారిపోతంది. నా కన్ను దాని ఎంబడే పోతంది."

"అది పాడు కాదు మేడమ్. గట్ల సాఫీగా పోవుడే దీని గొప్పతనం. చవక వాచీలే టిక్కు టిక్కుమంటయి."

నాగలత తన పాత వాచీ ఉన్న చేతిని ఒళ్లోకి దించుకుంది. బాలకృష్ణ మాట మాత్రం ఆమెకు ఎక్కలేదు. ఇరవై నాలుగేళ్లు ఆగి ఆగి నడిచే ముల్లునే నమ్ముకుని ఆమె పసిపిల్లల ఊపిరి లెక్కపెట్టింది.

"టైమన్నా కరెక్టుగా చూపిస్తదా?" అన్నాడు ప్రేమ్‌సాగర్.

"రోజుకు నాలుగైదు సెకన్లు అటో ఇటో పోతది సార్. అది మామూలే."

"స్కూటీ ధర పెట్టినంక కూడా అటో ఇటోనా? మా ఓసీల మస్టర్ కాడ అటో ఇటో అంటే ఆబ్సెంట్ ఏసి ఇంటికి పంపిస్తరు."

బాలకృష్ణకు ఇలాంటి మాటలు అలవాటే కావచ్చు. నవ్వేసి, బ్యాటరీతో నడిచేది ఒకటి తీశాడు. అది కూడా స్విస్‌దే, ధర కూడా దగ్గర దగ్గరగా అంతే. తెల్ల డయలు, నల్ల అంకెలు, ఆగి ఆగి నడిచే సన్నటి ముల్లు. నాగలత మళ్లీ నవత నాడి పట్టింది. డెబ్బై నాలుగు. రెండోసారీ డెబ్బై నాలుగే.

"అయిపాయె. ఇదే," అన్నాడు ప్రేమ్‌సాగర్ ఊపిరి పీల్చుకుని. నవత కూడా తలూపింది. నాగలతకు కూడా అదే సరైనదని తోచింది. డ్యూటీకి పనికొస్తుంది, చూడ్డానికి బాగుంది, ఎవరడిగినా జవాబు చెప్పుకోవచ్చు. అయినా ఆమె చెయ్యి అద్దం కింద మూలగా ఉన్న ఇంకో వాచీ వైపు పోయింది.

"అదొకసారి ఇయ్యండి."

అది పలచగా ఉంది. కాఫీ రంగు తోలు బెల్టు, లేత మీగడ రంగు డయలు. దాని మీద రెండే ముళ్లు. నాగలత పెట్టుకుని, అలవాటు కొద్దీ నవత మణికట్టు అందుకుంది. వేళ్లు నాడి మీద కుదురుకున్నాయి. కళ్లు డయలు మీద సెకన్ల ముల్లు కోసం వెతికాయి. అది లేదు. నిమిషాల ముల్లు కదులుతోందో లేదో కూడా తెలియడం లేదు. ఆమె కూతురి చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుంది.

"ఎంతమ్మా?" అంది నవత.

"ఏమో."

"మరి ఇడువు."

నాగలత చెయ్యి వదిలింది. తర్వాత బాలకృష్ణతో, ఆ టిక్కుమనేదాన్నీ ఈ రెండు ముళ్లదాన్నీ వచ్చే ఆదివారం దాకా పక్కన పెట్టమంది. ఇంటావిడలు ఇట్లా అంటే మళ్లీ రారని అతనికి తెలుసేమో, "తప్పకుండా మేడమ్," అని ఉత్తినే అన్నాడు.

తిరుగు బస్సు కల్లూరు దాటింది. ప్రేమ్‌సాగర్ అన్నాడు: "మంచిగ కుదిరింది గద. ఎందుకు కొనకపోతివి?"

"తెలుస్తలేదు."

"ఏం తెలుస్తలేదు?"

"అదే తెలుస్తలేదు."

అతను కిటికీ వైపు తిరిగి నిద్రపోయాడు. గుమ్మంలో భీమక్క కోడలి చేతులు చూసి, "కొనలేదా? మంచి పని జేసినవ్ బిడ్డా," అంది. అట్లా అన్నందుకు నాగలతకు ఒళ్లు మండింది. ఆ మంట కూడా ఏ వాచీ కోసమో ఆమె తేల్చుకోలేకపోయింది.

బుధవారం టీకాల రోజు. గూడెంలో అంగన్‌వాడీ అరుగు మీద టీకాల డబ్బా మూసే వేళకు జంపక్క తన అయిదు నెలల పిల్లను ఎత్తుకుని వచ్చింది. రెండు రోజులుగా దగ్గంట. పాలు తాగడం లేదంట. నాగలత పిల్ల చొక్కా పైకి తీసి చూసింది. డొక్కలు ఎగరేస్తోంది. ఆమె చెయ్యెత్తగానే అరుగు మీద ఆడవాళ్లంతా మాటలాపేశారు. ఆమె లెక్కపెడుతుంటే మాట్లాడకూడదని ఆ ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పాత వాచీ ముల్లు ఒక చుట్టు తిరిగింది. అరవై రెండు. ఆ వయసు పిల్లకు నిమిషానికి ఊపిరి యాభై దాటితేనే భయపడాలి. ఇంకో చుట్టు చూసింది. అరవై నాలుగు.

ఆమె 108కి ఫోన్ చేసింది. బండి రావడానికి ముప్పావుగంట పడుతుందన్నారు. మందు మొదటి మోతాదు నలిపి పట్టించి, పిల్లను జంపక్క ఒళ్లో కాస్త ఏటవాలుగా పడుకోబెట్టించి, పక్కనే కూర్చుంది. పిల్లకు కునుకు పట్టింది.

"సిస్టరమ్మా," అంది జంపక్క కాసేపటికి. "పిల్ల గిక్కడుంటే నన్ను లెక్కపెడ్తున్నవేంది?"

నాగలత ఉలిక్కిపడింది. నిజంగానే ఆమె చూపు జంపక్క గుండెల మీద, వాచీ మీద, మళ్లీ గుండెల మీద తిరుగుతోంది. ఇరవై దాకా వచ్చింది కూడా.

"నేను మంచిగనే ఉన్న. నన్నిడువు," అని జంపక్క నీరసంగా నవ్వింది.

బండి వచ్చింది. ఆ సాయంత్రానికి దవాఖానాలో పిల్లకు ఆక్సిజన్ పెట్టారనీ, మర్నాటికి పాలు తాగిందనీ ఫోనొచ్చింది. నాగలత రిజిస్టరులో రాసుకుంది. కానీ జంపక్క అన్న మాట ఆమెను వదల్లేదు.

గురువారం మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి భీమక్క వసారాలో మంచం మీద కునుకు తీస్తోంది. నాగలత చెప్పులు విడుస్తూ నిలబడింది. పదహారు. లోపల రాత్రి షిఫ్టు చేసొచ్చిన ప్రేమ్‌సాగర్ బోర్లా పడుకుని ఉన్నాడు. పద్నాలుగు. ఈ అంకెలు ఆమె కావాలని తీసుకోలేదు. వాటంతటవే వచ్చి నోట్లో నిలబడ్డాయి. ఎన్నేళ్లుగా ఇట్లా జరుగుతోందో గుర్తుతెచ్చుకుందామని చూసింది. రాలేదు. నవత పసిబిడ్డగా ఒళ్లో పాలు తాగుతున్నప్పుడు కూడా లెక్కపెట్టిందా? పెట్టే ఉంటుంది.

సరే, పెట్టింది. అయితే ఏంటి? లెక్కపెట్టబట్టే కదా జంపక్క పిల్ల బతికింది. మంచి ముల్లున్న వాచీ కొనుక్కోవడానికి అంతకంటే మంచి కారణం ఏముంటుంది? కుక్కర్ పెడుతూ అట్లా అనుకుంది. బియ్యం కడిగేసరికి ఆ కారణం బాగానే ఉంది గానీ తనది కాదనిపించింది. రెండు విజిళ్లు వచ్చేసరికి, స్కూటీ ధర పెట్టి పనికిరాని వస్తువు కొనే ఆడదాన్ని లోకం ఏమంటుందో అనిపించింది. మూడో విజిల్‌కు పొయ్యి ఆపి, పీట మీద కూర్చుండిపోయింది.

ఆదివారం బయల్దేరే ముందు నలుగురూ కలిసి తినడానికి కూర్చున్నారు. భీమక్కకు చింతచిగురు పప్పు ఇష్టమని నాగలత అదే వండింది.

"నేను షాపుకు ఫోన్ కొట్టిన," అన్నాడు ప్రేమ్‌సాగర్ ముద్ద కలుపుతూ. "టిక్కుమనేది ప్యాక్ చేసి పెట్టుమన్న. మనం పోయి తెచ్చుకునుడే."

"నాకు అదే నచ్చిందమ్మా," అంది నవత.

"అదన్న జల్దీ తెచ్చుకోండి. దినాం ఇంట్ల ఇదే లొల్లి," అంది భీమక్క.

నాగలత అత్త కంచంలో ఇంకొంచెం పప్పు వేసింది. గరిటె గిన్నెలో పెట్టి, పొయ్యి దగ్గర మూత సరిచేసినంత మామూలుగా చెప్పింది.

"నేను రెండు ముళ్లది తీసుకుంట. డ్యూటీకి పాతదే పెట్టుకపోత. ఇంటికొచ్చినంక ఇది పెట్టుకుంట."

ప్రేమ్‌సాగర్ చెయ్యి కంచంలో ఆగింది. నవత తల్లి ముఖంలోకి చూసింది. "దాంట్ల సెకన్లు లెవ్వు గదమ్మా."

"అవ్, లెవ్వు."

"మరి గంత పెట్టి..." అని మొదలుపెట్టిన భీమక్క కోడలి వైపు చూసి, మధ్యలోనే ఆగి, "మరి సెకన్లు ఎట్ల తెలుస్తయి బిడ్డా?" అంది.

"తెల్వవత్తా," అంది నాగలత, మజ్జిగ చెంబు ఆమె వైపు జరుపుతూ.