ఆకాశం మీదికి నెట్టిన హత్య

నేను ఒక పగిలిపోయిన లోకపు గుండె ముక్కను. చూడ్డానికి చిన్న గుమ్మడికాయంత ఉంటాను. ఎత్తబోతే మాత్రం బలమైన మగవాడైనా రెండు చేతులూ వేసి పళ్లు బిగించాల్సిందే. ఒళ్లంతా ఇనుము, అందులో కాస్త నికెలు. పైన నల్లటి పెంకు, దాని మీద ఎవరో తడిమట్టిలో బొటనవేళ్లు నొక్కినట్టు గుంటలు.

నా పుట్టుకలో ఎక్కడా శాంతి లేదు. మీ సూర్యుడింకా లేని కాలంలో, అతనికన్నా ఎన్నో రెట్లు పెద్దవైన నక్షత్రాలు తమ బరువు తామే మోయలేక లోపలికి కూలి, ఆ ఊపులోనే బయటికి పేలిపోయాయి. నాలోని ఇనుము వాటి కడుపుల్లో ఉడికిందే. చీకట్లో చెల్లాచెదరైన ఆ బూడిదను గురుత్వాకర్షణ మళ్లీ పోగు చేసింది. దానికి తొందర లేదు, దయ కూడా లేదు. బరువున్న ప్రతిదాన్నీ బరువున్న మరోదాని వైపు లాగడం ఒక్కటే దానికి తెలిసిన పని. అలా ఒక చిన్న లోకం ముద్దకట్టింది. అది లోలోపల కరిగినప్పుడు తేలిక రాయి పైకి తేలింది, బరువైన ఇనుము అడుక్కి దిగింది. ఆ అడుగున నేనున్నాను.

తర్వాత ఇంకో లోకం వచ్చి మమ్మల్ని గుద్దింది. చప్పుడేమీ కాలేదు. చప్పుడును మోసుకుపోవడానికి అక్కడ గాలి ఉంటే కదా! నిశ్శబ్దంగానే ముక్కలైపోయాం.

అప్పటినుంచి సూర్యుడి చుట్టూ తిరిగానంటారు చదువుకున్నవాళ్లు. నిజానికి నేను పడుతూనే ఉన్నాను. అతను తన మీదికి లాగుతున్నాడు, నేనేమో పక్కకు దూసుకుపోతున్నాను. అందువల్ల పడుతూ, ప్రతిసారీ అతన్ని తప్పిపోతూ ఉన్నాను. మీ భూమి చేస్తున్నదీ అదే. మీరంతా పుట్టిన దగ్గర్నుంచి సూర్యుడి మీదికి పడుతూనే ఉన్నారు, కాకపోతే ఇంట్లో కూర్చున్నామనుకుంటున్నారు.

ఒక కార్తీకమాసంలో, పొద్దు గూకిన కాసేపటికి, ఎప్పటిలా సూర్యుణ్ని తప్పిపోయాను గానీ, భూమిని తప్పలేకపోయాను.

అనంతపురం జిల్లాలో గొర్లదిన్నె, చింతమానుపురం అని రెండు ఊళ్లు. మధ్యలో ఒక వంక. వరసగా మూడో ఏడు వానల్లేక, వంకలో ఇసుక తప్ప చుక్క నీరు లేదు. ఆ సాయంత్రం వంక గట్టున గొర్రెల మందను తోలుకొచ్చి మారెక్క, ఆమె మొగుడు ఓబులేసు పక్కపక్కన కూర్చున్నారు. మారెక్క పుట్టిల్లు చింతమానుపురం, మెట్టినిల్లు గొర్లదిన్నె. అంటే ఆ వంకను ఒక్కసారే దాటి కాపురానికొచ్చిన మనిషి. ఆమెకు గడియారం ఆకాశమే. తూర్పున పిల్లలకోడి చుక్కల గుంపు లేచింది. దాని వెనకే కొంతసేపటికి గొల్లకావడి లేస్తుంది, ఆ మూడు చుక్కలూ నెత్తి మీదికొచ్చేసరికి మొగుణ్ని నిద్రలేపి తను నడుం వాల్చాలి. చుక్కలు కదులుతున్నాయని ఆమె లెక్క. కదులుతున్నది తను కూర్చున్న గట్టేననీ, భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతుంటే చుక్కలు తూర్పు నుంచి పడమటికి పోతున్నట్టు కనిపిస్తుందనీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పకపోయినా ఆమె లెక్క ఎన్నడూ తప్పలేదు.

నేను వచ్చాను. నా ముందున్న గాలికి తప్పుకునే వ్యవధి లేదు. అది నలిగి నలిగి తెల్లగా మండింది. ఆ వెలుగుకు గొర్రెల నీడలు నేల మీద గిర్రున తిరిగాయి. వెలుగుది అన్నిటికన్నా వేగమైన నడక, అందుకని ముందు అదే చేరింది. వెలుగు ఆరిన చాలాసేపటికి గానీ నా ఉరుము వాళ్ల చెవులకందలేదు. ఆ తర్వాతే నేను వంకలో కూరుకుపోయాను. రెండు గొర్రెలు బెదిరి గట్టు మీది నుంచి పడి కాళ్లు విరగ్గొట్టుకున్నాయి.

“ఓ యమ్మా! చుక్క తెగి పడింది!” అంది మారెక్క.

“మన గొర్రెల కోసరమే పడినట్టుండాదే,” అన్నాడు ఓబులేసు, నవ్వడానికి ప్రయత్నిస్తూ.

ఆ వెలుగు చుట్టుపక్కల ఎన్నో ఊళ్ల వాళ్లు చూశారు. తెల్లారేసరికి రెండూళ్ల జనమూ వంకలో ఉన్నారు. ఎవరో నన్ను గుంతలోంచి తవ్వి ఇసుక మీద పెట్టారు. గొర్లదిన్నె వాళ్లు పసుపు కుంకుమలూ, డప్పులూ తెచ్చారు. చింతమానుపురం వాళ్లు కట్టెలు తెచ్చారు. ఈ రాయి దేవుడనడంలో ఇద్దరికీ తేడా లేదు. రాయి ఏ ఊరికి పోతే వాన ఆ ఊరి వెంట పోతుందని ఎవరో అన్నారు. అన్నదెవరో తర్వాత ఎవరికీ గుర్తు లేదు. నాలో నీటితడి అన్నది లేదు. నన్ను పిండితే నిప్పు రావచ్చునేమో గానీ నీళ్లు రావు.

ఇంట్లో మారెక్క పోసిన అంబలి తాగి, మూతి తుడుచుకుంటూ ఓబులేసు వచ్చాడు. జనం మధ్యకు దూరి చేతులెత్తాడు.

“ఇది మా కండ్ల ముందర పడింది. పడింది వంకలో. వంక రెండూళ్లది. ఈడే గుడి కట్టుకుందాం, ఇద్దరం మొక్కుకుందాం. దీనికి కొట్లాట ఎందుకప్పా?”

అతని మాట విన్నవాడు లేడు. మొదటి కట్టె ఎవరి వీపున పడిందో కూడా ఎవరూ చూడలేదు. డప్పు తోలు చిరిగింది. కొడవళ్లు బయటికొచ్చాయి. ఇసుకలో పళ్లు రాలాయి, ఒకడి చెవి వేలాడింది, ఒక ముసలివాణ్ని వాళ్ల ఊరి వాళ్లే తొక్కుకుంటూ పోయారు. లోకాలు గుద్దుకోవడం చూసిన నాకు ఆ గుద్దులాట పెద్దదేం కాదు. ఒక్కటే తేడా. రాళ్లకు అరుపులుండవు.

మారెక్క తమ్ముడు తిప్పన్న చింతమానుపురం గుంపులో ఉన్నాడు. నుదుటి మీద దెబ్బ పడి నెత్తురు కళ్లలోకి కారింది. కట్టె ఎక్కడో జారిపోయింది. చేతులకు తగిలింది నేను. పళ్లు బిగించి నన్ను తల పైకెత్తాడు.

“తిప్పన్నా, దించురా! నేను బావను!” అంటూ ఓబులేసు ఎదురొచ్చాడు.

మారెక్క గట్టు మీది నుంచి పరుగెత్తుకొస్తూ చూసింది. నేను దిగాను. ఈసారి నన్ను లాగింది భూమి ఒక్కటే కాదు.

ఓబులేసు తల ఇసుక మీదికి వాలాక, అరుపులన్నీ ఆగిపోయాయి. అంతవరకు నన్ను దేవుడన్న వాళ్లంతా నా దగ్గర నుంచి వెనక్కి జరిగారు.

పోలీసులు వచ్చేలోగా రెండూళ్ల పెద్దలూ వేపచెట్టు నీడన చేరారు. తెల్లారినప్పుడు కలవలేని ఊళ్లు ఎండెక్కేసరికి కలిశాయి. చింతమానుపురం పెద్ద రుద్రప్ప ఉపాయం చెప్పాడు. రెండు వైపులా దెబ్బలు తిన్నవాళ్లున్నారు, దెబ్బలు కొట్టినవాళ్లున్నారు. కేసు పెడితే ఇంటికొకడు జైలుకు పోతాడు. చచ్చిపోయిన ఓబులేసు ఎటూ తిరిగి రాడు.

“రాయి పైనుంచి పడింది. వాని నెత్తిన పడింది. అంతే. ఆకాశాన్ని ఏ పోలీసోడు పట్టుకపోతాడో నేనూ చూస్తా,” అన్నాడు.

నేను పడిన గుంతను ఇసుకతో పూడ్చేశారు. ఓబులేసు రాత్రి మంద దగ్గరే ఉన్నాడనీ, చీకట్లో రాయి తగిలి చచ్చిపోతే పొద్దున చూశామనీ అందరూ ఒకే మాట నేర్చుకున్నారు. మిగతా దెబ్బలన్నీ తొక్కిసలాటలో తగిలినవే. కోట్ల ఏళ్లు ఎవరినీ తాకకుండా తిరిగిన నన్ను హంతకుణ్ని చేశారు. పోలీసులు వచ్చి నన్ను సంచిలో కట్టి, లక్కముద్ర వేశారు. నేను కోర్టువారి ముద్దాయినో సాక్షినో నాకే తెలియలేదు.

ఇక మిగిలింది మారెక్క. ఆమె తల్లి వంక దాటి వచ్చి కూతురి కాళ్లు పట్టుకుందట. ఈ సంగతి కానిస్టేబుళ్లు మాట్లాడుకోగా విన్నాను.

“మొగుడు పోయినాడు. ఉన్న ఒక్క తమ్ముణ్ని కూడా నీ నోటితోనే సంపుకుంటావా?”

“నేను సంపేదేముందమ్మా,” అని మాత్రం అందట మారెక్క. ఔననలేదు, కాదనలేదు.

కొడవలి గాట్లు తొక్కిసలాటవి కావని అనుమానం వచ్చిన పోలీసులు తిప్పన్నతో పాటు రెండూళ్ల వాళ్ల మీదా కేసు పెట్టారు. కోర్టులో నన్ను బల్ల మీద పెట్టారు. పెద్ద కాలేజీ నుంచి ఒక లెక్చరర్ వచ్చి నన్ను పరీక్షించానన్నాడు. ఇది ఉల్కే, అంతరిక్షం నుంచే వచ్చింది, ఇందులో సందేహం లేదన్నాడు. ముద్దాయి తరఫు వకీలు మొహం వెలిగిపోయింది. నిజం ఎప్పుడూ ఒంటరిగా నడవదు, దాన్ని చెయ్యిపట్టుకుని ఎటైనా తీసుకుపోవచ్చు. నా గురించి ఆ రోజు చెప్పిన ప్రతి ముక్కా నిజమే, ఆ నిజాలన్నీ కలిసి ఒక అబద్ధాన్ని మోశాయి.

మారెక్క బోనెక్కింది. బోనుకు ఎదురుగా తిప్పన్న. వెనక వరసలో తల్లి.

“ఆకాశం నుంచి ఈ రాయి పడడం నువ్వు చూశావా?” వకీలు అడిగాడు.

“చూసినా.”

“పెద్ద వెలుగు వచ్చింది కదా?”

“వచ్చింది సామీ. గొర్రె గొర్రెకూ నీడ పడింది.”

“అంత వేగంగా వచ్చిన రాయి తగిలితే మనిషి బతుకుతాడా?”

“బతకడు.”

వకీలు తృప్తిగా జడ్జిగారి వైపు తిరిగాడు. “అంతే కదమ్మా. ఈ రాయి తగిలే నీ భర్త చనిపోయాడు. ఇక దిగు.”

ఆమె దిగలేదు.

“రాయి తగిలే పోయినాడు సామీ. కానీ రాయి పడేటప్పుడు ఆయన నా పక్కనే కూర్చోనుండె. నవ్వుతా ఉండె. మర్నాడు పొద్దున నా చేతి అంబలి తాగి వంకలోకి పోయినాడు. ఆకాశం చేసే పని రాత్రే అయిపాయె. పొద్దున ఆ రాయి తనంతట తాను లెయ్యలేదు.” తిప్పన్న వైపు చూసింది. “మా తమ్ముడు ఎత్తినాడు.”

వెనక వరసలో తల్లి గుండెలు బాదుకుంటూ కూలబడింది. నువ్వేం చెబుతావని జడ్జిగారు అడిగితే, తిప్పన్న గోడ వైపు చూస్తూ, “రాయి పడింది సామీ. నాకేమీ తెలీదు,” అన్నాడు.

శిక్ష పడింది. ఒక్క తిప్పన్నకే కాదు, కొడవళ్లు ఎత్తిన మరికొందరికి కూడా, రెండూళ్ల వాళ్లకూ. ఆ రాత్రి మారెక్క ఇంటి మీద రాళ్లు పడ్డాయి. ఆ రాళ్లు మాత్రం ఆకాశం నుంచి పడినవి కావు. ఆమె మందకు విషం పెట్టారు. కొన్నాళ్లకు తల్లి చనిపోతే, దినానికి కూడా పుట్టింటి వైపు ఎవరూ పిలవలేదు. మారెక్క ఊరు విడవలేదు. నాలుగు గొర్రెలతో మళ్లీ మొదలుపెట్టిందని కోర్టు గుమాస్తా ఒకడు ఇంకొకడికి చెప్పగా విన్నాను.

కేసు ముగిశాక నన్ను ఆ లెక్చరర్ అడిగి తీసుకుపోయాడు. సెంట్రల్ జైలున్న పట్నంలోనే ఒక విజ్ఞాన కేంద్రం ఉంది. అందులో గుండ్రటి గది, గోడల మీద గ్రహాల బొమ్మలు, నడుమ ఒక పీట, పీట మీద నేను. పిల్లలు తాకి చూడవచ్చు. కింద పలక మీద నేను పడిన తేదీ, బరువు రాసి, ‘ఎవరికీ హాని జరగలేదు’ అని చెక్కించారు. అది రాసినవాడు ఆకాశం సంగతి మటుకు సరిగ్గానే రాశాడు.

ఏళ్లు గడిచాయి. ఒక మధ్యాహ్నం, స్కూలు పిల్లల గుంపు వెళ్లిపోయాక, ఇద్దరు లోపలికొచ్చారు. ముందు తలంతా నెరిసిన మారెక్క. వెనకాల చేతిలో గుడ్డసంచితో తిప్పన్న. అదే రోజు జైలు నుంచి విడుదలయ్యాడట. గేటు దగ్గరికి రెండూళ్ల నుంచీ ఇంకెవరూ రాలేదు. ఎక్కడికి తీసుకుపోతున్నదీ ఆమె చెప్పినట్టు లేదు. నన్ను చూడగానే అతను గుమ్మంలోనే ఆగిపోయాడు.

అక్కడి గైడు ఉత్సాహంగా వచ్చి, ఏ ఊరని అడిగి, ఇది భూమికన్నా పాతదనీ, మీ పక్కనే పడిందనీ చెప్పాడు. తాకి చూడమన్నాడు. తిప్పన్న చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

“దీన్ని మళ్లా పైకి పంపే దోవ ఏమన్నా ఉండాదా సార్?” అని అడిగాడు.

గైడు నవ్వాడు. “లేదండీ. భూమి పట్టుకున్నదాన్ని అంత సులువుగా విడవదు.”

గైడు వెళ్లిపోయాక తిప్పన్న నా వైపు చూస్తూ, గొంతు తగ్గించి అన్నాడు. “చూడక్కా, ఎట్ల కూసోనుందో. ఈ పాడు రాయి పడకపోతే బావ బతికుండేవాడు. ఇదే సంపింది బావను.”

మారెక్క అతని చెంప మీద కొట్టింది. గుండ్రటి గదిలో ఆ చప్పుడు గోడలకు తగిలి రెండుసార్లు వినిపించింది. మళ్లీ కొట్టింది. చేతిలోని సంచి కింద పడి, జైల్లో ఇచ్చిన రొట్టె దొర్లిపోయింది. గైడు పరుగున వచ్చి గుమ్మం దగ్గర నిలబడిపోయాడు. మూడోసారి ఆమె చెయ్యి లేచింది గానీ, దించలేదు.

“ఏం సంపిందిరా? ఇది వచ్చి నీ చేతుల్లో కూసునిందా? బావను అని అరుస్తా ఉంటే యినపడలేదా నీకు? ఇంటి మీద రాళ్లేస్తే పడినా. గొర్రెలు చస్తే పడినా. నీ నోట ఒక్క మాట కోసరం ఇన్నేండ్లు కాచుకోనుండా. నా పక్కకు తిరిగి చెప్పు.”

తిప్పన్న మోకాళ్ల మీద కూలబడ్డాడు. నా వైపు కాదు, ఆమె వైపు తిరిగి.

“నేనే అక్కా,” అన్నాడు. “కండ్లలో నెత్తురుండేది నిజమే. కానీ బావ అని తెలిసింది. తెలిసినాకే దించినా. నేనే సంపినా.”

ఆమె ఎత్తిన చెయ్యి దించి పైట చెంగుతో ముఖం తుడుచుకుంది. వంగి, దొర్లిపోయిన రొట్టె తీసి, దుమ్ము దులిపి, సంచిలో వేసి అతని చేతికిచ్చింది.

“లెయ్. సందేళ బస్సు పోతే మళ్లా రేపే,” అంది.