కత్వ కాడి మన్ను

మా అవ్వ తిన్నది, మా అమ్మ తిన్నది, నేను తిన్న. కడుపుతోని ఉన్న ఆడదానికి మన్ను మీదికి పానం గుంజుతది, దాన్ని ఆపెటోడు ఇంక పుట్టలే. తొలకరి చినుకు వడ్డప్పుడు లేసే వాసన ముక్కుకు తాకితె నోట్లె నీళ్ళూరుతయి. తిననోళ్ళు నవ్వుతరు. నవ్వనీ, వాళ్ళొచ్చి తొమ్మిది నెలలు మోస్తరా ఏంది.

నా పేరు నర్సింగమ్మ. రామన్నపేట అవతల మూసీ ఒడ్డున మా ఊరు. కుమ్మరోళ్ళం. నా పెనిమిటి పోయి పన్నెండేండ్లాయె, కుండలు చేసుడు ఆయనతోనే పోయింది. నేను మట్టి పొయ్యిలు చేస్త. గ్యాసు వొచ్చినంక పొయ్యిలెవలు కొంటరని అడుగుతరు. నాటుకోడి కూర గ్యాసు మీద వండి సూడుండ్రి, మీకే తెలుస్తది.

పొయ్యికి మంచి మన్ను కావాలె. మా ఊరి కాడ మూసీకి అడ్డంగ కత్వ కట్టిండ్రు. నీళ్ళు ఆ కట్టకు తట్టుకొని ఆగుతయి, పైనుంచి మోసుకొచ్చిన ఒండ్రంత అడుగుకు దిగుతది. ఎండకాలం నీళ్ళు తగ్గంగనే గంపలకెత్తుకొస్త. నల్లగ ఉంటది, వెన్న తీర్గ వేలు జారుతది. ఒక్క రాయి తగలది. గసొంటి మన్ను జిల్లాల ఇంకేడ దొరకదని నేను ఊరంత గొప్పలు చెప్పుకునేదాన్ని. నీళ్ళ మీద నురుగు తేలుతదని, కంపు కొడుతదని మంది ముక్కు మూసుకునేటోళ్ళు. కంపు నీళ్ళది, మన్నుది కాదని నేను కొట్లాడిన.

నాకొక్కతే బిడ్డ, మంజుల. ఆలేరుల ఇచ్చిన. అల్లుడు విజేందర్ కరెంటు పని చేస్తడు, మెత్తటోడు. మంజులకు మూడేండ్ల కింద మొదటిసారి నెల తప్పింది. రెండో నెలల్నే ఫోన్ చేసి, "అమ్మా, మన్ను తినబుద్దయితాంది, అత్తకు చెప్పాల్నంటె సిగ్గయితాంది" అన్నది. నేను మురిసిపోయిన. నా బిడ్డ నా తీర్గనే అనుకున్న. కత్వ మన్ను నానవెట్టి, పాత చీరెల వడగట్టి, ఉండలు చేసి, ఒక్కొక్కదాన్ని బొటనవేలితోని ఒత్తి నిప్పుల మీద కాల్చిన. పాలపొడి డబ్బా నిండ నింపి అల్లునితోనే తోలిచ్చిన. అండ్ల సకినాలున్నయని చెప్పిన. పాపం, మోసుకపోయిండు.

అయిదో నెలల కడుపు పోయింది.

ఎందుకు పోయిందో ఏ డాక్టరూ చెప్పలే. మా వియ్యపురాలు శారదమ్మ మాత్రం చెప్పింది. "మా ఇంట్ల ఎవ్వలికి గిట్ల కాలేదు వదినె, నీ బిడ్డ ఒంట్లెనే ఏదో ఉన్నది" అన్నది. తిట్టలే, కొట్టలే. గా ఒక్క మాటను మాత్రం రెండేండ్లు పొద్దుగాల చాయతోని, రాత్రి బువ్వతోని పెట్టింది. నా బిడ్డ బక్కగయింది. వియ్యపురాలితోని ఏమని కొట్లాడుత.

రెండోసారి నిలిచింది. ఏడో నెల పడంగనే తోల్కొచ్చుకున్న. ఇంట్ల అడుగువెట్టంగనే, "డబ్బా ఏది అమ్మా?" అన్నది. నేను ముందే కాల్చి పెట్టిన. అరుగు మీద కూసొని పొద్దుమాపు కొరుకుతుంటె ఆ చప్పుడు ఇనుకుంట పొయ్యిలు చేసుకునేదాన్ని. అప్పుడున్నంత సంబురం నాకు మళ్ళ రాలే.

పది రోజులకు బుష్రా వొచ్చింది. బుష్రా అంటె నల్గొండ పిల్ల, పెద్ద సదువు సదువుతాంది. ఎండకాలం కత్వ కాడ మన్నెత్తి కవర్లల్ల పోసుకొని, కవరుకొక నంబరు రాసుకుంటుంటె నేనే పలకరిచ్చిన. "మన్ను కోసం నల్గొండ నుంచి వొచ్చినవా బిడ్డా, నన్నడిగితె గంపెడు పుణ్యానికిస్తును గద" అని ఆటపట్టిచ్చిన. మంచి మన్ను ఏడుంటదో చెయ్యి పట్టుకపోయి చూపిచ్చిన. ఫలితం వొచ్చినంక చెప్తనని పోయింది. మాట తప్పలే, మా ఇంటికే వొచ్చింది.

మంజుల లోపట పండుకున్నది. బుష్రా వాకిట్ల పీట మీద కూసొని కాయితం తీసింది.

"అమ్మా, కత్వ మట్టిల సీసం ఉన్నది. క్రోమియం, కాడ్మియం అని ఇంక రెండున్నయి. ఉండాల్సిన దానికన్న శాన ఎక్కువ. పైనుంచి ఫ్యాక్టరీల నీళ్ళల్ల వొచ్చి, నీళ్ళాగిన కాడ అడుగుకు దిగి కూసుంటున్నయి. మీరు రోజు చేతులతోని పిసుకుతరు గద, అన్నం తినేముందు సబ్బుతోని మంచిగ కడుక్కోండ్రి."

"కాలిస్తె పోతదిలే" అన్న నేను.

"కాలిస్తె పురుగు పుట్ర పోతది. గిది పోదమ్మా."

"కడుపులకు పోతెనో?"

"బొక్కలల్ల చేరుతది. చిన్నపిల్లలకు, కడుపుతోని ఉన్నోళ్ళకు ఇంక చెడ్డది. తల్లి నుంచి లోపటి బిడ్డకు పోతది." నా మొకం దిక్కు చూసింది. "ఎందుకమ్మా, ఎవలన్న తింటున్నరా?"

"మన్నెవలు తింటరు బిడ్డా, బువ్వ లేకనా?" అని నవ్విన. ఆ నవ్వు ఎట్ల వొచ్చిందో నాకిప్పటికి తెల్వదు. పిల్లకు చాయ పోసి, బాట దాక సాగదోలి వొచ్చి, పీట మీద కూసున్న.

నా కాలంల మూసీల చెలిమె తోడుకొని తాగినం. గప్పటి మన్ను వేరు. అదే ఏరు, అదే కత్వ, అదే నలుపు, ఏం మారిందో కండ్లకు కనవడకపాయె. కనవడితె పెడుదునా? లోకంల ఎవ్వలి నోట్లె నేను మన్ను కొట్టలే. నా బిడ్డ నోట్లె నేనే కొట్టిన, అది సుత ముద్దుగ, కాల్చి, డబ్బాల పెట్టి. మొదటి కడుపుకు సుత.

గా రోజే డబ్బా తీస్కపోయి పెంటల బొందపెట్టిన. మంజుల అడిగితె, "ఇగ సాలు, అరగది" అన్న. మూతి ముడుసుకున్నది. పొలం గట్టుకు పోయి పుట్టమన్ను తెచ్చి కాల్చిచ్చిన. ఒక్కటి కొరికి ఉమ్మింది, రుచి లేదన్నది. రెండు రోజులు కాంగనే నా పొయ్యిల అంచులు తరుగుడు మొదలైంది. ఎలుకలు కొరుకుతున్నయా అంటె, అవునేమో అన్నది. దాని పెదవికి నల్లటి పొడి అంటుకొని ఉన్నది.

కుమ్మరికొక ఏడు, గుదియకొక పెట్టు అంటరు, ఏడాది చేసింది ఒక్క దెబ్బకు పోతది. పదకొండు పొయ్యిలు వాకిట్ల వేసి రోకలితోని పలగ్గొట్టిన. పెంకులు గంపలకెత్తి దూరం పారేసొచ్చిన. మంజుల దర్వాజల నిలవడి చూసిందిగని, ఎందుకని అడగలే. 

ఇంట్లకొచ్చి చూస్తె ఏముంది. గోడలు ఆ మన్నే. అరుగు ఆ మన్నే. నేల అలికింది దాంతోనే. గడపకు పట్టిచ్చింది, గూడుకు మెత్తింది, నీళ్ళ కుండ కింద కుదురు, అంత నా చేత్తోని కత్వ నుంచి తెచ్చిందే. మంజుల మంచం పక్కన గోడకు పిడికెడంత గుంట పడ్డది. అడ్డంగ చాప కట్టిన. తెల్లారి చాప కింది అంచు లేసి ఉన్నది. ఇంట్లున్నంత సేపు దాని నోరు కావలి కాసిన. ఇల్లు ఇడిసి ఏడికి పోవాలె? ఆలేరు తోలిద్దమంటె, కాన్పుకు తీస్కపోయినదాన్ని మళ్లెందుకు తెచ్చినవని శారదమ్మ అడుగుతది. ఏమని చెప్పాలె? చెప్తె నా బిడ్డ మొదటి కడుపును నేనే తీసినట్టు. చెప్పకపోతె రెండోది సుత నేనే తీసినట్టు. ముందు నుయ్యి, ఎనక గొయ్యి, నడుమ నేను. 

గింతల నల్గొండ దవాఖాన తారీకు వొచ్చింది. శారదమ్మ ఆలేరు నుంచి బస్సెక్కి నేరుగ దవాఖానకే వొచ్చింది, మనుమడు ఎట్లున్నడో తన చెవులతోని ఇనాల్నని. ముగ్గురం లోపటికి పోయినం.

డాక్టరమ్మ కాయితాలు చూసి కండ్లద్దాలు తీసింది. "రక్తం ఇంత తక్కువుంది ఏంది? మందులేసుకుంటలేవా?"

"ఏసుకుంటున్న మేడం."

"మట్టి, బలపాలు, బొగ్గులు గిట్ల తింటున్నవా? సిగ్గుపడకు, శానమంది తింటరు."

మంజుల నా దిక్కు చూసింది. "లేదు మేడం" అన్నది.

అబద్ధం ఆడుడు చిన్నప్పటి నుంచి దానికి చాత కాదు. గా రోజు తడుముకోకుంట ఆడింది.

శారదమ్మ అందుకున్నది. "మొదటిది సుత గిట్లనే పాయె మేడం. దీని ఒంట్లెనే ఏదో ఉన్నది. మా ఇంట్ల ఎవ్వలికి..."

"దాని ఒంట్ల ఏం లేదు వదినె" అన్న. డాక్టరమ్మ దిక్కు తిరిగిన. "మన్ను తిన్నది మేడం. మూసీ కత్వ మన్ను. సీసం ఉన్నదంట అండ్ల. నేనే కాల్చి పెట్టిన. మొదటి కడుపుకు సుత డబ్బాల పెట్టి నేనే తోలిచ్చిన. తెల్వక పెట్టిన. తెల్సినంక నెల రోజులు నోరు మూసుకున్న."

శారదమ్మ గిర్రున నా దిక్కు తిరిగింది. సకినాల డబ్బా యాదికొచ్చినట్టున్నది.

డాక్టరమ్మ కోపానికి రాలే. "మొదటిది దాంతోనే పోయిందని నేను చెప్పలేనమ్మా" అన్నది. "ఇప్పుడేమన్న తింటాందా?"

"ఆపిన మేడం. అంత పారేసిన" అన్న నేను.

మంజుల తల వంచుకొని కొంగు ముడి ఇప్పింది. మూడు మన్ను బిళ్ళలు తీసి బల్ల మీద పెట్టింది. మూడింటి మీద నా బొటనవేలు ఒత్తిన గుంట ఉన్నది. నేను బొందపెట్టిన కాడికి పోయి తవ్వుకొచ్చుకున్నది.

"వాకిట్ల ఆ పిల్ల చెప్పంగ నేను మేల్కొనే ఉన్న అమ్మా" అన్నది. "అంత ఇన్న. తినొద్దనే అనుకున్న. నోరు ఇనలే."

"మరి నాకెందుకు చెప్పలే?"

"మొదటిది నా తప్పు కాదని గప్పుడే తెల్సింది. చెప్తె నీ తప్పయితది. రెండేండ్లు పడ్డ మాటే గద, ఇంకిన్ని రోజులు పడుదమనుకున్న."

 ఏడ్వబుద్ది సుత కాలే. ఒక్కింట్ల ఒక్క గోడ కింద నెల రోజులు ఇద్దరం ఒక్క ముచ్చటనే దాసుకొని, ఒకరి మొకం ఒకరం చూసుకుంట తిరిగినం.

డాక్టరమ్మ బిళ్ళలను కవర్ల వేసి నంబరు రాసింది. మంజులను పండవెట్టి చూసింది. లోపటి గుండె మంచిగనే కొట్టుకుంటాందన్నది. రక్తం పట్నం పంపాలె, జవాబు వొచ్చేదాక ఏం చెప్పలేనన్నది. ఇంటి గోడలు, నేల సుత ఆ మన్నేనని చెప్పిన. "ఆ ఇంటికి మాత్రం తోల్కపోవద్దు. ఆ మట్టి అంటిన ఏ వస్తువూ ఈమె దగ్గర ఉండొద్దు" అన్నది.

"నేను ఆలేరు తోల్కపోత" అన్నది శారదమ్మ.  మంజుల సంచి తనే భుజానికి తగిలిచ్చుకున్నది. 

బస్టాండుల మంజుల కిటికీ పక్కన కూసున్నది. పెదవి కింద ఇంత నల్లటి పొడి ఇంక అంటుకొనే ఉన్నది. తుడుద్దమని కిటికీలకెళ్ళి చెయ్యి పెట్టిన. నా గోర్లల్ల మన్ను కనవడ్డది. నలభై ఏండ్ల సంది పిసికిన చేతులు, ఏ సబ్బుకూ పోదది. చెయ్యి ఎనుకకు తీసుకున్న.

"వదినె, జర నువ్వు తుడువు" అన్న.