ఏడో సంతకం

చాక్‌పీసును రెండుగా విరిచి ఒక సగం జేబులో వేసుకుని, రెండో సగంతో బోర్డు మీద ‘ముందు చదువు, తర్వాతే సంతకం’ అని రాశాడు టిక్కు బాబాయ్. కుట్టు కార్ఖానా మేడమీద గుడ్డపేలికల మూటలు పడేసే గది అది. కింద మిషన్లు ఆగాయంటే భోజనాల వేళ. ఆ అరగంటే బడి.

ముప్పై ఒక్క ఏళ్ళు బ్యాంకులో అటెండరుగా చేశాడాయన. అప్పు కాగితాల మీద సంతకం పడాల్సిన చోటల్లా పెన్సిలుతో టిక్కు పెట్టేవాడు. జనం టిక్కునే చూసేవారు, కాగితాన్ని కాదు. ఎవరి అప్పుకో హామీ సంతకం పెట్టి ఇల్లు పోగొట్టుకున్న ఒకాయన గేటు దగ్గర ఆగి, "నువ్వు చూపించిన చోటే కదయ్యా పెట్టాను" అన్నాడు. తిట్టినా బాగుండేది. అప్పటినుంచి బాబాయ్‌కి కోపమైనా సంతోషమైనా పైపైనే తగిలి పోతున్నాయి. రిటైరయ్యాక ఈ కార్ఖానాలో పనిచేసేవాళ్ళని కూర్చోబెట్టుకుని వడ్డీ అంటే ఏమిటో, హామీ అంటే ఏమిటో చెప్పడం మొదలుపెట్టాడు.

ఇవాళ సాయంత్రంలోగా ఈ బడి పేరున ఒక సంఘం రిజిస్టరు కాకపోతే గదికి తాళం వేస్తానని యజమాని తేల్చేశాడు. ఏడు సంతకాలు కావాలి. తనతో కలిపి ఆరుగురు పెట్టేశారు. మిగిలింది కాజాలు కుట్టే అమ్మాయి.

"ఇక్కడ పెట్టు తల్లీ," అంటూ అలవాటు చొప్పున టిక్కు పెట్టాడు.

ఆమె సంఘం నిబంధనల కాగితాలు తనవైపు లాక్కుంది. "చదివి పెడతా బాబాయ్."

"రాసింది నేనేనే!"

"ఎవరు రాసినా సరే, చదవకుండా పెట్టొద్దన్నది మీరేగా?"

"బాబాయ్ తాడిని తన్నే రకం అనుకున్నాం. ఇది ఆయన తలదన్నేలా ఉంది," అంది ఇస్త్రీ చేసే ఆమె. అందరూ నవ్వారు.

సంతోషించాల్సిన సంగతేనని ఆయనకు తెలుసు. సంతోషం మాత్రం రాలేదు. "రిజిస్ట్రారు ఆఫీసు నాలుగున్నరకి మూసేస్తారు. టీ వేళకి తెచ్చెయ్," అన్నాడు.

గంట మోగింది. అందరూ దిగిపోయారు. ఆయన అన్నం తిని, మూటకు చేరగిలబడ్డాడు. కింద మిషన్లు మొదలయ్యాయి. ఆ అదురు నేలలోంచి వీపులోకి పాకింది. ఎడమ చెయ్యి బరువెక్కి, ఇంకెవరి చెయ్యో ఒళ్ళో పెట్టుకున్నట్టుంది. కళ్ళు మూసుకున్నాడు.

టీ వేళకి ఆమె మెట్లెక్కి వచ్చింది. "బాబాయ్, తొమ్మిదో నిబంధనలో పాఠం మీరు చెబుతారని ఉంది. మీరు రాలేని రోజు ఎవరు చెప్పాలో రాయలేదు."

కాస్త గట్టిగా మళ్ళీ అడిగింది. తర్వాత భుజం తట్టింది. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది.

నలుగురు వచ్చి ఆయన్ని కిందికి మోసుకెళ్ళారు. ఆమె ఒక్కతే గదిలో ఉండిపోయింది. తొమ్మిదో నిబంధన పక్కన ‘లేదా మిగిలిన సభ్యుల్లో ఎవరైనా’ అని రాసింది. మొదటి నుంచీ ఇంకోసారి చదివింది. అప్పుడు సంతకం పెట్టి, కాగితాలు పట్టుకుని మెట్లు దిగింది.

కిటికీ అంచున, ఆయన కడిగి బోర్లించిన టిఫిన్ డబ్బా ఇంకా ఆరలేదు.