జంట డైమండు రూపాయి

జగ్గారావు రూపాయి బిళ్ళను బల్లమీద పెట్టగానే వరాహనరసింహం మాస్టారి చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది.

"ఎక్కడిది ఇది?"

"జీతంలో వొచ్చింది మాస్టారూ. సంవత్సరం అంకె కింద డైమండు సూడండి. ఒకదాని మీదొకటి రెండు పడ్డాయి."

మాస్టారు చూడనవసరం లేదు. డైమండు బొంబాయి టంకశాల గుర్తు. ఆ గుర్తు రెండుసార్లు పడి, రెండోది వెంట్రుకవాసి కుడికి జరిగిన రూపాయి ఆయన దగ్గర ఒకే ఒక్కటి ఉండేది. తొమ్మిది రోజుల కిందట ఆల్బమ్‌లోంచి అది మాయమైంది. అంతకుముందు ఆదివారం దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసినవాడు జగ్గారావు.

"ఇది నాది," అన్నారు మాస్టారు.

వరండాలో అందరూ జగ్గారావు వైపు తిరిగారు.

అది 1988. ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో, మాస్టారి క్వార్టర్సులో ప్రతి ఆదివారం పొద్దున్న నాణేలు సేకరించేవాళ్ళు ఆరేడుగురు చేరేవారు. ఒక రిటైర్డ్ డ్రైవర్ తప్ప అందరూ ఆఫీసు ఉద్యోగులే. వర్క్‌షాపు నుంచి వచ్చేవాడు జగ్గారావు ఒక్కడే. టూల్ రూమ్‌లో పంచ్, సుత్తి పట్టుకుని పనిముట్ల మీద నంబర్లు కొట్టడం అతని పని.

"మీ బిళ్ళ నాకెందుకండి? ఇది ఏరే బిళ్ళ," అన్నాడు జగ్గారావు.

పే ఆఫీసు గుమస్తా శంకరనారాయణ నవ్వాడు. "వేరేది ఎలా అవుతుందయ్యా? మీ వర్క్‌షాపు టోకెన్లే చూడు. ఎవడి టోకెన్ మీదైనా అంకె రెండు దెబ్బలు తింటే ఆ టోకెను ఎవడిదో కళ్ళు మూసుకుని చెప్పేస్తాం. అలాంటిది ఇంకొకటి ఉంటుందా?"

అందరూ తలలూపారు. కార్మికులు గేటు దగ్గర హాజరుకి చూపే ఆ ఇత్తడి టోకెను తెలియని ఇల్లు ఆ ఊళ్ళో లేదు. ఒక్కో టోకెను మీద విడివిడిగా చేత్తో అంకె కొడతారు. ఒకదాని మీది తప్పు ఇంకోదాని మీద రాదు.

"రేపు పొద్దున్న గేటు తెరిచేలోగా మీ ఫోర్‌మన్‌కి కాగితం అందుతుంది," అన్నారు మాస్టారు. ఆయన గొంతులో కోపం కంటే దుఃఖం ఎక్కువగా ఉంది. "నిన్ను మాలో ఒకడిగా చూశాను జగ్గారావు."

దొంగతనం కాగితం వస్తే ముందు సస్పెన్షన్, తరవాత విచారణ. విచారణలో నెగ్గినా గేటు దగ్గర రోజూ అతని టిఫిన్ డబ్బానే విప్పి చూస్తారు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. జగ్గారావు లేచి నిలబడ్డాడు. వెళ్ళిపోతాడనుకున్నారు. అతను లోపలి గుమ్మం వైపు తిరిగాడు.

"అమ్మా, బట్టల సబ్బు ముక్కొకటి, సపాతీ పిండి పిసరంత ఇస్తారా?"

మాస్టారి భార్య దుర్గాంబ రెండూ తెచ్చి ఇచ్చింది.

"వంట మొదలెట్టీసినావా?" అన్నాడు శంకరనారాయణ, అతని యాసలోనే.

"మీకు ఒడ్డించను లెండి." జగ్గారావు సబ్బు ముక్కను బల్లమీద పెట్టి, జేబులోని సైకిల్ తాళంచెవి మొనతో దాని మీద ఒత్తాడు. "మొదటి దెబ్బ తేలిగ్గా పడింది. గుర్తు సరిగ్గా దిగలేదు. పంచ్ మళ్ళీ పెట్టి కొడితే పిసరు జరుగుతాది. నా సేతిలో యాభైసార్లు జరిగినాది." అదే చోట, కాస్త పక్కగా మళ్ళీ ఒత్తాడు. "టంకశాలలో ఇది రూపాయి మీద కొట్టరు. రూపాయి అచ్చు మీద కొడతారు. మా కమ్మరి షాపులో అచ్చులూ అంతే."

చపాతీ పిండిని చిన్న ఉండ చేసి సబ్బు మీద అదిమి తీశాడు. ఉండ మీద జంట గుర్తు ఉబ్బెత్తుగా లేచింది. రెండో ఉండ మీదా అదే. మూడో దాని మీదా అదే.

"ఆ అచ్చు అరిగిపోయేదాకా పడే ప్రతి బిళ్ళ మీదా ఈ తప్పే ఉంటాది. నా ఒక్క రూపాయే కాదు, ఏలల్లో ఉంటాయి."

"ఉండొచ్చు," అన్నారు మాస్టారు. "కానీ ఈ ఒక్కటీ నాది కాదని ఎలా చెప్పగలవు?"

జగ్గారావు ఊరికే నాలుగో ఉండను అదిమాడు. ఎండిన సబ్బు చిటుక్కుమని పగిలింది. ఉండ తీసి చూస్తే గుర్తు పక్క నుంచి అంచుదాకా సన్నటి గీత ఒకటి పైకి లేచి ఉంది.

అతను ఆ గీతను గోటితో తడిమాడు. తరవాత తన రూపాయిని రిటైర్డ్ డ్రైవర్ విల్‌ఫ్రెడ్‌కి అందించాడు.

"సాబ్, మీ భూతద్దంతో సూడండి. డైమండు పక్కన గీత ఉన్నాదా?"

"హా. పత్లా లైన్, సన్నది. అంచు వరకు."

"గుంటా, గట్టా?"

విల్‌ఫ్రెడ్ గోటితో రాశాడు. "గట్టు. గోరు ఎక్కుతోంది."

"మాస్టారూ, మీరు ప్రతి బిళ్ళకీ కాగితమెట్టి పెన్సిలు రుద్ది నోటుబుక్కులో దాస్తారు కదా. దానికీ రుద్దినారా?"

మాస్టారు నోటుబుక్కు తెచ్చారు. పల్చటి కాగితం మీద జంట డైమండు స్పష్టంగా పడి ఉంది. పక్కన గీత లేదు.

"తరవాత గీసి ఉంటావు," అన్నాడు శంకరనారాయణ.

"గీస్తే గుంట పడతాదండి. గట్టు లెగదు. అచ్చు పగిలితే ఆ పగుల్లోకి లోహం ఎక్కి గట్టవుతాది. మాస్టారి బిళ్ళ అచ్చు పగలకముందు పడింది, నాది పగిలాక పడింది."

మాస్టారు కాగితాన్నీ రూపాయినీ పక్కపక్కన పెట్టుకుని భూతద్దంతో చూశారు.

"ఒక్క ఊరికే రెండూ ఎలా వచ్చాయి?" అని మెల్లగా అడిగారు.

దానికి శంకరనారాయణే, ఇష్టం లేకపోయినా, చెప్పాల్సి వచ్చింది. "జీతాలకి టంకశాల సీలు వేసిన చిల్లర సంచులు తెస్తాం కదా. ఒక అచ్చు మీద పడినవి ఒకే సంచిలో ఉంటాయి."

"అందరి ముందూ అన్నారు మాస్టారూ," అన్నాడు జగ్గారావు. అతను ఇంకా నిలబడే ఉన్నాడు. "అందరి ముందూ సెప్పండి."

మాస్టారు లేచారు. "జగ్గారావు దొంగ కాడు. నేను పొరబడ్డాను. తెలియని సంగతిని తెలుసనుకుని ఒక మనిషి పొట్ట కొట్టబోయాను." ఆయన జగ్గారావు వైపు తిరిగారు. "క్షమించు నాయనా."

విల్‌ఫ్రెడ్ కుర్చీ జరిపాడు. జగ్గారావు కూర్చున్నాడు. దుర్గాంబ అతనికి వేరే టీ తెచ్చింది.

"ఆ రూపాయి నాకిస్తావా? ఎంతయినా సరే," అన్నారు మాస్టారు, తల ఎత్తకుండానే.

"ఇవ్వనండి." జగ్గారావు రూపాయిని జేబులో వేసుకున్నాడు. టీ సగం తాగాక అన్నాడు: "జీతాల రోజు సాయంత్రం గేటు కాడికి రండి. మావోళ్ళ సేతుల్లో సిల్లర ఉంటాది. నాను పక్కనుంటాను. ఒక్కొక్కళ్ళనీ అడిగి ఇలాంటిదింకోటి ఎతుకుదాం."

జీతాల రోజు సాయంత్రం మాస్టారు భూతద్దంతో వర్క్‌షాపు గేటు దగ్గర నిలబడ్డారు. ఆయన అడగకముందే జగ్గారావు మొదటి మనిషిని చెయ్యి పట్టి ఆపాడు.

"ఒరే, ఈయన మన మాస్టారు. నీ రూపాయిలొకసారి సూపించు."