ఉప్పేసిన ఐసు

మా నాన్న ఎల్లారావుకి ఐసు గురించి ఎవరైనా చెప్పబోతే ఒళ్లు మండేది. గిలకలదిండి రేవులో పడవ దిగిన రొయ్య బెజవాడలో తాజాగా దిగాలంటే ఎల్లారావు వ్యాన్ ఎక్కాల్సిందేనని బందరంతా పేరు. ఏ సరుకుని ఎంత లోతున పాతాలో, ఐసు చలి ఇంకా పెరగాలంటే రాళ్లుప్పు ఎంత చల్లాలో ఆయన చేతికే తెలుసు. ఆ గర్వం మా ఇంటిల్లిపాదికీ ఉండేది. నాక్కాస్త ఎక్కువే.

అమ్మ నాంచారమ్మకి కిడ్నీలు దెబ్బతిన్నాయని తెలిసింది రెండువేల ఆరులో. డయాలసిస్ దాకా రాలేదు గానీ ఒంట్లో రక్తం తగ్గిపోయింది. రక్తం పుట్టించమని ఒంటికి చెప్పేది కిడ్నీలేనట. అవి చెప్పడం మానేస్తే, ఆ పని చేసే మందుని వారానికో ఇంజెక్షన్‌గా ఇవ్వాలి. అమ్మ వారం వారం బస్సెక్కి బెజవాడ గవర్నర్‌పేటలో డాక్టర్ శాంభవిగారి దగ్గరికి వెళ్లి, ఫారిన్ ఇంజెక్షన్ ఒకటి కొని అక్కడే వేయించుకుని వచ్చేది. కొన్నాళ్లకే మళ్లీ చేపల మార్కెట్లో తన పీట మీద కూర్చుని, బేరగాళ్లని కడిగిపారేసింది. కానీ వ్యాన్ మీద వచ్చిందంతా ఆ సీసాలకే పోయేది.

"ఇలాంటి మందే మన దేశంలోనూ తయారవుతోందండీ," అన్నారు శాంభవిగారు ఒకరోజు. "పనితీరు అదే, ధర సగం కూడా లేదు. నా పేషెంట్లు చాలామంది వాడుతున్నారు. నెలకి సరిపడా పట్టుకెళ్లి, చల్లగా ఉంచుకుని ఇంటి దగ్గరే వేయించుకోవచ్చు."

అక్కడే మందుల షాపు నడిపే సంజీవరావుగారు ఆ కొత్త మందు సీసాలు ఇస్తూ, "ఇది చల్లగా ఉంచాలండీ. ఐసులో పెట్టేటప్పుడు మాత్రం..." అని మొదలుపెట్టారు.

నాన్న పకపకా నవ్వాడు. "ఐసు సంగతి మాకు చెప్తారేంటండీ!"

నేనూ నవ్వాను.

మా వీధిలో ఉండే నర్సు హన్నా వారం వారం వచ్చి ఇంజెక్షన్ వేసి వెళ్లేది. ఆమె వచ్చే వేళకి నాన్న సీసాని ఐసు పెట్టెలోంచి తీసి సిద్ధంగా ఉంచేవాడు. ఇంత చేసినా అమ్మ మొహం పాలిపోయింది. వాకిట్లోంచి వంటింట్లోకి వచ్చేసరికే ఆయాసం. మార్కెట్లో పీట ఖాళీ అయింది. పదికి చేరిన హిమోగ్లోబిన్ ఏడుకి పడిపోయింది.

"సగం రేటన్నప్పుడే అనుకున్నా," అన్నాడు నాన్న. "రొయ్యలోనైనా అంతే. రేటు తెగ్గోశాడంటే ఏదో లొసుగున్నట్టే."

ఫారిన్ మందుకే తిరిగి వెళ్దామని, వ్యాన్ని ఆటోనగర్ తీసుకెళ్లి బేరం పెట్టి వచ్చాడు. అది తెలిసి అమ్మ మంచం మీద నుంచే అరిచింది. ఆ అరుపులో బలం లేదు.

"వ్యాన్ అమ్మేసి ఏం తింటారు? ఇంజెక్షనే మానేస్తాను, పీడా పోద్ది!"

నాన్న కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఆ రోజు నాకు చాలా భయమేసింది.

మర్నాడు ముగ్గురం శాంభవిగారి ముందు కూర్చున్నాం. ఆవిడ రిపోర్టు రెండుసార్లు చూశారు. "మిగతావాళ్లకి బాగానే పనిచేస్తోంది. ఎందుకో మరి మీకు పడలేదు. సరే, పాతదే రాస్తాను." రాయబోతూ, అలవాటుగా అడిగారు. "ఇంటికి చల్లగానే తీసుకెళ్తున్నారు కదా?"

నాన్నకి పౌరుషం వచ్చింది. "చల్లగానా! ఉప్పేసిన ఐసులో పాతి తీసుకెళ్తానండీ. టైగర్ రొయ్యకైనా అంత మర్యాద చెయ్యను. ఇంటికెళ్లేసరికి మందు సీసాలో రాయిలా బిగిసిపోయి ఉంటది!"

శాంభవిగారు పెన్ను కింద పెట్టేశారు.

"గడ్డకట్టిందా?"

"కట్టకపోతే నా ఐసెందుకండీ?"

"గడ్డకడితే ఈ మందు పాడైపోతుందండీ," అన్నారావిడ నెమ్మదిగా. "కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉంటుంది, కానీ పనిచేయదు. ఫారిన్ మందునైనా మీ ఐసులో పాతితే ఇంతే. అది ఇక్కడే వేయించుకున్నారు కాబట్టి బతికిపోయింది. చల్లగా ఉంచమన్నానే గానీ, గడ్డకట్టకూడదని నేనూ చెప్పి ఉండాల్సింది."

నాన్న తన చేతులకేసి చూసుకున్నాడు. "అంటే ఇన్నాళ్లూ మా నాంచారుకి నీళ్లు పొడిపించానా డాక్టరుగారూ?"

"నన్నూ రొయ్యే అనుకున్నారండీ ఈయన," అంది అమ్మ, నీరసంగా నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు. నాన్న మీద కోపం, జాలి ఒక్కసారే వచ్చాయి.

చవక మందునే మరోసారి సరిగ్గా వాడి చూద్దామన్నారు శాంభవిగారు. నాన్న మందుల షాపుకి వెళ్లి సంజీవరావుగారి ముందు నిలబడ్డాడు.

"ఆవేళ మీరేదో చెప్పబోయారు. చెప్పండి."

వెడల్పు మూతి ఫ్లాస్కు తీసుకోమన్నారాయన. అడుగున రెండు ఐసు ముక్కలు వేసి, పైన మడతపెట్టిన గుడ్డ పరిచి, సీసాకి ఐసు తగలకుండా పెట్టమన్నారు. ఉప్పు మాటే ఎత్తొద్దన్నారు. నాన్న ఒక్కొక్కటీ వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ విన్నాడు.

అమ్మ రక్తం మళ్లీ పదికి చేరడానికి మూడు నెలలు పట్టింది. పీట మీద కూర్చున్న మొదటి రోజే బేరగాళ్లతో గొడవపెట్టుకుంది. వ్యాన్ మా వాకిట్లోనే ఉంది.

నెలనెలా మందు తీసుకునేటప్పుడు సంజీవరావుగారు, "మీకు తెలుసు కదండీ," అని ఊరుకోబోతారు.

"తెలిసినా మళ్లీ చెప్పండి," అంటాడు నాన్న.