కుక్కను చూసిన కుర్రాడు

వాక్యాన్ని ముక్కలుగా విప్పి చూపించడం మాస్టారికి వెన్నతో పెట్టిన విద్య. మనసులో మాట చెప్పాల్సొస్తే మాత్రం నాలుక పిడచకట్టుకుపోతుంది. కాలేజీలో భాషాశాస్త్రం చెబుతారు. పంజాబీ వాక్యంలో విభక్తులు చేసే పనిని ఇంగ్లీషు వాక్యం ఎలా నెట్టుకొస్తుందో పోల్చి పుస్తకం రాయడానికి కూర్చున్నారు. అందుకు ఇంట్లో పంజాబీ మాట్లాడే మనిషి కావాలి. వీధి చివర కళ్ళజోళ్ళ దుకాణం నడిపే అమ్మాయి దొరికింది. ఇంట్లో పంజాబీ, బయట తెలుగు, రెండూ గలగలా మాట్లాడుతుంది.

దొరికిందే చాలని మాస్టారు వారం వారం ప్రత్యక్షమయ్యేవారు. ఆమె అద్దాల అంచులు అరగదీస్తూనే ఆయన అడిగిన వాక్యాన్ని పంజాబీలో చెప్పేది. అన్నిటికన్నా ఆయనకు ముద్దొచ్చిన వాక్యం, 'కుర్రాడు కుక్కని చూశాడు.'

"చూశారా, కుర్రాడి వెనక 'నే', కుక్క వెనక 'నూ'. ఎవరు ముందున్నా గొడవ లేదు, మన డుమువుల్లాగే. ఇంగ్లీషులో అలా కుదరదండీ. కుర్చీ మారితే ఉద్యోగమే మారిపోతుంది. కుక్కని ముందు కూర్చోబెడితే చూసేది కుక్కే."

"చూడనివ్వండి మాస్టారూ. దానికీ కళ్ళున్నాయి కదా" అనేది ఆమె.

దీనికి తోడు ఆయన కళ్ళజోడు. బిగించిన వారానికల్లా స్క్రూ వదులై కాడ చేతికొచ్చేది. దాన్నీ అక్కడికే పట్టుకెళ్ళేవారు.

"స్క్రూ వదులైంది కళ్ళజోడుకా, నీకా?" అనేది ఇంట్లో అక్క.

పుస్తకం పూర్తయి అచ్చుకు వెళ్ళింది. ఆ సంగతి మాత్రం మాస్టారు దుకాణంలో చెప్పలేదు. చెబితే మళ్ళీ ఏ మొహం పెట్టుకుని వెళతారు? ఆ అమ్మాయంటే ఆయనకు ప్రాణం. ఆ ముక్క చెప్పే ధైర్యం లేక, పాత వాక్యాలనే మళ్ళీ మళ్ళీ అడుగుతూ వచ్చారు.

"వాళ్ళింట్లో సంబంధాలు చూస్తున్నారటరా. ఎవరో తన్నుకుపోయాక నీ విభక్తులు వల్లెవేసుకుంటూ కూర్చో" అంది అక్క ఒక ఉదయం, కాఫీ గ్లాసు చేతికిస్తూ.

ఆ సాయంత్రమే మాస్టారు దుకాణం మెట్లెక్కారు. దారి పొడుగునా కూడగట్టుకున్న మాటలన్నీ గుమ్మం దగ్గరే జారిపోయాయి. ఎప్పటిలా స్టూలు మీద కూర్చున్నారు.

"కుర్రాడు కుక్కని చూశాడు, ఇది ఎలా అంటారండీ?"

ఆమె చేతిలో పని ఆపింది. "ఆ కుర్రాడు ఇంకా చూస్తూనే ఉన్నాడా? కుక్కకే విసుగొచ్చి ఉంటుంది మాస్టారూ. మీ అక్కయ్యగారు నిన్న వచ్చారు. పుస్తకం ఎప్పుడో అయిపోయిందట కదా."

ఆమె చెయ్యి చాచి ఆయన కళ్ళజోడు తీసుకుంది. ఎదురుగా ఉన్న ముఖం మసకబారింది. నవ్వుతోందో, కోపంగా ఉందో తెలియదు. తెలియకపోవడమే మేలయింది.

"అయిపోయిందండీ. రావడానికి ఇంకో సాకు దొరకలేదు. మీరంటే నాకు చాలా ఇష్టం. మిమ్మల్ని పెళ్ళి చేసుకోవాలని ఉంది."

స్క్రూ తిరుగుతున్న చప్పుడు వినిపించింది. కాసేపటికి కళ్ళజోడు ఆయన ముక్కు మీదికి వచ్చింది.

"ఇక ఊడదు" అందామె. "గట్టిగా బిగించాను."

ఇక రావద్దని ఇంత మర్యాదగా చెప్పేవాళ్ళు ఇంకెవరుంటారు? మాస్టారు వెళ్ళడానికి లేచారు.

"ఇన్నాళ్ళూ సగమే బిగించేదాన్ని" అందామె, తల దించుకుని చేతిలోని స్క్రూడ్రైవర్‌ని తుడుస్తూ. "వారానికల్లా ఊడాలని."

మాస్టారు మళ్ళీ కూలబడ్డారు.

"ఆదివారం మా ఇంటికి రండి. అక్కయ్యగారిని కూడా తీసుకురండి. ఆ కుక్క సంగతి ఎప్పుడు తేలుతుందని మా అమ్మ నన్ను రోజూ అడుగుతోంది."